గంజాయి, భంగు: మొక్క ఒకటే, చట్టం రెండు

కాశీలో ప్రభుత్వ లైసెన్సున్న దుకాణంలో భంగు కొనుక్కోవచ్చు. అదే మొక్క పూత జేబులో దొరికితే కేసే. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) పూత, కాయ ఉండే కొసలనే గంజాయి అంది. విడిగా ఉన్న ఆకుని, గింజల్ని వదిలేసింది. భంగు ఆకుతో చేస్తారు కాబట్టి దాని సంగతి రాష్ట్రాలు చూసుకుంటాయి.

గంజాయి కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు పడొచ్చు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. అల్లూరి జిల్లా మన్యం నుంచి మూటలు మోసే కూలీలకు ఈ లెక్క ఎవరు చెబుతారు?

ఆరోగ్యం దగ్గర ఇంత తేడా లేదు. మత్తెక్కించే టీహెచ్‌సీ రెండింట్లోనూ ఉంది, పూతలో ఎక్కువ. పొగ నిమిషాల్లో తలకెక్కుతుంది, ఊపిరితిత్తులకు చేటు. భంగు గంటైనా ఎక్కకపోవచ్చు. ‘ఏం కాలేదే’ అని ఇంకో గ్లాసు తాగేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. టీనేజీలో అలవాటైతే మతిభ్రమ ముప్పు పెరుగుతుంది, ఏ రూపంలో తీసుకున్నా. నా మటుకు, పండగ పేరు చెప్పి పిల్లలకు భంగు ఇవ్వడం గంజాయి కన్నా తక్కువ తప్పేం కాదు.