బేగంబజార్: తూకం చూసుకునేవాళ్లకు నాలుగు స్టార్లు, కారేసుకొచ్చేవాళ్లకు ఒకటి

పెళ్లి సారెకు ఇత్తడి సామాను, పండక్కి జీడిపప్పు, బాదం ఒకే పూటలో కొనాలంటే హైదరాబాదులో బేగంబజార్‌కే ఓటు. మాల్‌లో తిరిగే అలవాటుతో వెళ్తే మాత్రం అరగంటలో విసుగొస్తుంది. పాత్ర మీద ధర చీటీ ఉండదు. కిలో రేటు చెప్తారు, తూస్తారు, లెక్క కడతారు.

నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన జాగాలో వెలిసింది కాబట్టి ఈ పేరు వచ్చిందంటారు. వ్యాపారం ఎక్కువగా మార్వాడీ, అగర్వాల్, గుజరాతీ కుటుంబాలది. ఆనుకునే ధూల్‌పేటలో బుందేల్‌ఖండ్ మూలాలున్న లోధులు వినాయక విగ్రహాలు చేస్తారు. అఫ్జల్‌గంజ్ వైపు వస్తే మసీదు, గురుద్వారా. ఏ పెద్ద దుకాణంలోనైనా ఓ ఐదు నిమిషాలు నిలబడండి: సేఠ్ గుమాస్తాతో మార్వాడీలో లెక్కలు చెప్తూనే హమాలీని దక్కనీలో కేకేసి, మీవైపు తిరిగి "గట్టి సరుకమ్మా, చేత్తో పట్టి చూడండి" అని తెలుగులో అంటాడు. హిందీ రాదని జంకక్కర్లేదు. రేటు, బరువు, గేజు (రేకు మందం) గురించి అడిగితే చాలు, మీకు చూపించే సరుకే మారిపోతుంది.

ఇత్తడి, రాగి కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. ఇనప పిడులూ స్టీలు మూతలూ ఉన్నవాటిని ఇత్తడి రేటుకే తూచేస్తారు, డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే. మూత విడిగా తూయమని ముందే చెప్పండి. వంటకైతే లోపల కళాయి తెల్లగా, ఒకే తీరుగా ఉండాలి. మచ్చలుగా పసుపు రంగు కనిపిస్తే ఆ గిన్నెలో పులుసు, పెరుగు పెట్టకూడదు. కళాయి అంటే తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పూత పోయినట్టే. అద్దంలా మెరిసే ఇత్తడి మీద చాలాసార్లు వార్నిష్ లాంటి లాకర్ పూత ఉంటుంది, అది షోకేసుకే గానీ పొయ్యికి పనికిరాదు. బిందె అయితే నీళ్లు పోసి అతుకు దగ్గర చెమ్మ వస్తోందేమో చూడండి. ఆ తర్వాతే పేరు కొట్టించండి, పేరు పడ్డాక వాపసు తీసుకోరు.

స్టీలు దగ్గర అయస్కాంతం ఉపయోగం తక్కువ. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకానికీ, నికెల్ తగ్గించి మాంగనీసు కలిపే 202 రకానికీ అది సాధారణంగా అంటుకోదు. గ్రేడు ఏదో బిల్లు మీద రాయించుకోవడమే మార్గం. అన్నట్టు, రేటు అడిగేటప్పుడే "జీఎస్టీ కలిపా, విడిగానా" అని తేల్చుకోండి. కచ్చా చీటీ మీద కొంటే తర్వాత అడగడానికి ఏమీ ఉండదు.

డ్రైఫ్రూట్స్‌లో రేట్లు నిజంగా తక్కువే, కానీ కొద్దిపాటి సరుకు అడిగితే కొన్ని దుకాణాల్లో మొహం చిట్లిస్తారు. జీడిపప్పు మీద డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని ఉంటుంది. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, గరిష్ఠంగా అన్ని గుండ్లు (విరగని పప్పులు) వస్తాయని అర్థం, కాబట్టి అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. స్వీట్లలోకి పొడి కొట్టడానికైతే బద్దలు చాలు, గుండు పప్పుకి డబ్బు పోయడం దండగ. అక్రోటు, పిస్తా పైన పేర్చినవి కాకుండా బస్తా లోపలివి తీయించి నమలండి. నాలుక చివర కనరుగా, పాత నూనె వాసన తగిలితే వదిలేయండి.

ఇక వసతుల మాట. పార్కింగ్ లేదు, ఫుట్‌పాత్ ఉన్నచోట సరుకు ఉంటుంది, మరుగుదొడ్డి వెతుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లడం వాళ్లను శిక్షించడమే. మెట్రో ఎర్ర లైనులో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కడం మేలు. బస్సయితే అఫ్జల్‌గంజ్‌లో దిగాలి. ఆదివారం హోల్‌సేల్ చాలావరకు మూతే. ధన్‌తేరస్ ముందు పాత్రల వీధిలో తూకం దగ్గర కూడా నిలబడనివ్వరు. వినాయక నిమజ్జనం రోజు ఊరేగింపు అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగానే వెళ్తుంది, ఆ రోజు సరుకు బయటకు తేలేరు.

బరువెక్కువైతే తోపుడు బండి మాట్లాడుకోండి, కూలీ మాత్రం సామాను ఎక్కించక ముందే ఖాయం చేసుకోవాలి. పని అయ్యాక మొజంజాహీ మార్కెట్‌దాకా వెళ్లొచ్చు. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు, లోపల ఐస్‌క్రీమ్ దుకాణాల్లో కూర్చోడానికి కుర్చీలైనా దొరుకుతాయి.