వేడెక్కే ల్యాప్‌టాప్‌ను రిపేరుకు ఇస్తున్నారా? ఒంగోలులో నాకు తగిలిన ఎనిమిది వేల దెబ్బ

ఎండాకాలంలో ల్యాప్‌టాప్ కాలిపోతోందని, గ్రాఫిక్స్ కార్డు మందగించిందని రిపేరు షాపుకు బయలుదేరుతున్నవారు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. ఒంగోలు, చీమకుర్తి, పొదిలి వైపు వాళ్లు మరీ ముఖ్యంగా చదవండి. నేను రెండు దఫాలుగా ఎనిమిది వేల రూపాయలు కట్టాను. చివరికి తేలిందేమిటంటే, నా గ్రాఫిక్స్ చిప్పుకు ఏ జబ్బూ లేదు. దానికి గాలి అందే దారిలో దుమ్ము అడ్డం పడింది, అంతే. ఎనిమిది వేలు తీసుకున్నవారు ఆ దుమ్మును మాత్రం కదిలించలేదు.

షాపు పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, అది ఒక కారణం. పేరు రాస్తే మీరు ఆ ఒక్క షాపును తప్పించుకుని పక్క వీధిలో ఇదే పద్ధతికి దొరికిపోతారు, అది రెండో కారణం. 

మాది చీమకుర్తి. ఇళ్ల లోపలి డిజైన్లు త్రీడీలో గీసి ఇస్తాను. వంటగది గట్టు మీద గెలాక్సీ గ్రానైట్ పరిస్తే ఎలా ఉంటుందో, హాలులో తెల్ల టైల్స్ వేస్తే ఎలా ఉంటుందో ఇంటివారికి ముందే బొమ్మగా చూపించడం నా పని. ఒక్కో బొమ్మ తయారు కావాలంటే గ్రాఫిక్స్ చిప్పు ఇరవై నిమిషాలు పూర్తి బలంతో పనిచేయాలి. అందుకని 2021లో 72 వేలు పెట్టి 4 జీబీ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని వెనక మూత విప్పించలేదు. ఆ తప్పు నాదే. చీమకుర్తిలో ఉంటూ విప్పించకపోవడం మరీ పెద్ద తప్పు. క్వారీల నుంచి, రాయి కోసే ఫ్యాక్టరీల నుంచి ఎగిరే పొడి పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి మళ్లీ పేరుకుంటుంది. రాయి నల్లగా నిగనిగలాడుతుంది గానీ దాని పొడి మాత్రం బూడిద రంగు. మా ఇంట్లో ఫ్యాను రెక్కల మీద ఆ రంగు చూస్తూనే, ల్యాప్‌టాప్ లోపల కూడా రెండు ఫ్యాన్లు ఉన్నాయని నాకు తట్టలేదు.

ఈ ఏప్రిల్‌లో ఇరవై నిమిషాల బొమ్మ యాభై నిమిషాలు పట్టడం మొదలైంది. కీబోర్డు మీద చేయి పెట్టలేని వేడి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి చూస్తే జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్పు) దగ్గర 87 డిగ్రీలు. (విండోస్ 10కు 2020 మేలో వచ్చిన అప్‌డేట్ నుంచి ఈ అంకె అక్కడే కనిపిస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.) ఎంతసేపు చూసినా అంకె 87 దాటదు, బొమ్మ మాత్రం ముందుకు కదలదు. కారణం తరువాత తెలిసింది. చాలా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పులు ఆ వేడి దగ్గరికి చేరగానే, కాలిపోకుండా తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అంటే అంకె పెరగకపోవడం మంచి సంకేతమేమీ కాదు. చిప్పు కాళ్లీడ్చుకుంటూ నడుస్తోందని అర్థం.

మే మొదటి వారంలో ఒంగోలు వెళ్లాను. పెద్ద బోర్డు, ఏసీ గది, గోడ నిండా కొత్త ల్యాప్‌టాపులు. కౌంటరులో ఉన్నాయన ల్యాప్‌టాప్‌ను చేత్తో తడిమి, "సర్వీసింగ్ చేసి ఇంపోర్టెడ్ పేస్టు వేస్తే సరిపోతుంది సార్, పదిహేను వందలు" అన్నారు. (పేస్టు అంటే చిప్పు వేడిని పైనున్న లోహానికి చేరవేసే జిగట పదార్థం.) నా ఎదుట విప్పమన్నాను. "లోపల టెక్నీషియన్ చూస్తాడు, బయటివారిని రానివ్వం. మీరు టీ తాగి రండి" అన్నారు. టీ తాగి వచ్చాను. తలుపు వెనక నుంచి రెండు నిమిషాలు బ్లోయరు చప్పుడు వినిపించింది. కాసేపటికి ల్యాప్‌టాప్ బయటికి తెచ్చి, ఆన్ చేసి, "చూడండి సార్, నలభై ఐదు డిగ్రీలే" అని చూపించారు. ఆ నిమిషంలో నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏసీ గదిలో, ఏ పనీ చేయించకుండా ఆన్ చేస్తే ఏ ల్యాప్‌టాప్ అయినా నలభై ఐదే చూపిస్తుంది కదా? అది నాకు తట్టలేదు. ఫోనులో డబ్బు పంపి బస్సెక్కాను.

ఇంటికి వచ్చి బొమ్మ మొదలుపెట్టాను. పది నిమిషాల్లో 87. పైగా ఇంతకుముందు లేని కొత్త చప్పుడు, సైకిలు చక్రంలో పుల్ల పెట్టినట్టు టకటకమని.

రెండోసారి వెళ్లేసరికి కౌంటరులో ఆయన ముఖం గంభీరంగా మారింది. "పేస్టు వేసినా తగ్గలేదంటే చిప్పు పోయింది సార్. రీబాలింగ్ చేయాలి. ఆరువేల ఐదు వందలు. లేదంటే మదర్‌బోర్డు మార్చాలి, అది ముప్పై వేలు." ముప్పై వేలు విన్న చెవికి ఆరున్నర వేలు చవకగా అనిపిస్తుంది. అంత పెద్ద అంకెను ముందు పెట్టేది అందుకే.

రీబాలింగ్ అంటే ఏమిటో తెలియకుండా డబ్బు కట్టకండి. చిప్పు కింద వందల కొద్దీ చిన్న సోల్డర్ (అతుకు లోహం) బంతులు ఉంటాయి. వాటి మీదనే చిప్పు బోర్డుకు అతుక్కుని ఉంటుంది. సీసం లేని సోల్డర్ దాదాపు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంత వేడి ఇచ్చి చిప్పును పైకి తీసి, పాత బంతులు గీకి, కొత్తవి పేర్చి, మళ్లీ అతికించాలి. తగిన యంత్రం, అనుభవం ఉన్న చేయి కావాలి. ఈ మాట మన షాపుల్లో ఇంతగా పాతుకుపోవడానికి పాత చరిత్ర ఒకటుంది. కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల తయారీలో వాడిన పదార్థం బలహీనంగా ఉందని, వాటి మరమ్మతు ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని 2008 జులైలో గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా స్వయంగా ప్రకటించింది. ఆ కాలపు ల్యాప్‌టాపుల్లో తెర నల్లబడితే చిప్పును వేడి చేసి బతికించేవారు. అదీ కొన్నాళ్లకే. దానికీ నా సమస్యకూ సంబంధం లేదు. చిప్పు అతుకు ఊడితే తెర మీద గీతలు వస్తాయి, రంగులు చెదురుతాయి, అసలు ఆన్ కాకపోవచ్చు. బొమ్మ చక్కగా కనిపిస్తూ వేడి మాత్రమే పెరుగుతుంటే, ముందు చూడాల్సింది గాలి, పేస్టు, ఫ్యాను. ఇది నాకు ఆ రోజు తెలియదు. తొమ్మిది రోజులు ల్యాప్‌టాప్ వారి దగ్గర పెట్టి, అడిగినంతా కట్టి తెచ్చుకున్నాను. రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనక "జీపీయూ పని, 6,500" అని రాసిచ్చారు.

రోహిణి కార్తె వచ్చింది. పైన రేకుల గది, మధ్యాహ్నం నలభై రెండు. ల్యాప్‌టాప్ ఈసారి వేగం తగ్గడంతో ఆగలేదు, బొమ్మ మధ్యలో దానంతట అదే ఆరిపోయింది.

మా పిన్ని కొడుకు నెల్లూరులో ఉంటాడు. ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల బాగోగులు చూస్తాడు. ఫోనులో అంతా విని, "అన్నా, ఇంకెవరికీ ఇవ్వకు, తీసుకురా" అన్నాడు. పినాకిని రైలు ఎక్కి వెళ్లాను. వాళ్ల భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, తీసే ప్రతి స్క్రూను ఎక్కడ నుంచి తీశాడో కాగితం మీద బొమ్మ గీసుకుని, ఆ చోటే టేపుతో అతికిస్తూ మూత విప్పాడు. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాడు.

ఇక లోపల కనిపించినది చెబుతాను.

ఫ్యాను గాలిని ఒక రాగి రెక్కల వరుసలోకి ఊదుతుంది. ఆ వేడి గాలి పక్కనున్న కంత నుంచి బయటికి పోవాలి. దుమ్ము పేరుకునేది సరిగ్గా ఫ్యానుకూ ఆ రెక్కలకూ మధ్యన. బయటి కంత నుంచి చూస్తే కనిపించదు. మా తమ్ముడు ఫ్యాను విప్పి తీయగానే బూడిద రంగు దుప్పటి ముక్కలా, రెండు వేళ్లతో పట్టుకుని లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. నాలుగేళ్ల చీమకుర్తి! బయట నుంచి బ్లోయరు పెడితే ఆ పొర కాస్త వెనక్కి, ఫ్యాను వైపు జరుగుతుంది. ఫ్యాను తిరగగానే మళ్లీ తన చోటికి వచ్చి అతుక్కుంటుంది. అదీ పదిహేను వందల సర్వీసింగ్. బ్లోయరు గాలికి ఫ్యాను హద్దులేని వేగంతో తిరిగి ఉంటుంది, ఒక రెక్క విరిగి ఉంది. టకటక చప్పుడు దానిదే. ఫ్యాను రెక్కలను వేలితోనో పుల్లతోనో కదలకుండా పట్టుకుని గాలి కొట్టాలట. అంత చిన్న సంగతి.

హీట్ సింక్ (చిప్పు మీద కూర్చుని దాని వేడిని లాగే లోహపు భాగం) ఎత్తి చూస్తే చిప్పు మీద పాత పేస్టు ఎండి పెచ్చులుగా ఉంది. తుడవకుండా దాని మీదే కొత్తది పూశారు. పక్కన మెమరీ చిప్పుల మీద ఉండాల్సిన మెత్తటి ప్యాడ్లు రెండు చిరిగిపోయి ఉన్నాయి, ఆ ఖాళీలో పేస్టు కుక్కారు. పేస్టు పని వెంట్రుక మందం సందును నింపడం. మిల్లీమీటరు సందులో ప్యాడే ఉండాలి, అదీ మొదటి ప్యాడ్ ఎంత మందమో అంతే మందంతో. మందం ఎక్కువైతే హీట్ సింక్ చిప్పు మీద సరిగా కూర్చోదు. ఏడు స్క్రూల్లో ఒకటి లేదు.

ఆరున్నర వేల రీబాలింగ్ సంగతి చెప్పలేదు కదా. మా తమ్ముడు టార్చి వేసి చిప్పు నాలుగు మూలలు చూపించాడు. బోర్డు మీద చిప్పు కదలకుండా ఫ్యాక్టరీలో పెట్టిన ఎర్రటి జిగురు చుక్కలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆ జిగురు గీకకుండా చిప్పును పైకి తీయడం కుదరదు. "దీన్ని ఎవరూ ముట్టుకోలేదన్నా" అన్నాడు. నాకు కోపం కన్నా ముందు సిగ్గు వేసింది. తరువాత ఒకందుకు సంతోషం కూడా వేసింది. చేతగానివారు నిజంగానే వేడి పెట్టి ఉంటే బాగున్న చిప్పు ఆ రోజే పోయేది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్టు అద్దంలా తుడిచి, కొత్తది కొద్దిగా వేసి, సరైన మందం ప్యాడ్లు కోసి పెట్టి, స్క్రూలు హీట్ సింక్ మీద అచ్చు వేసిన అంకెల వరుసలో కొంచెం కొంచెంగా బిగించాడు. ఫ్యాను తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. ఫ్యానుతో కలిపి మొత్తం ఖర్చు 2,200. ఇప్పుడు అదే బొమ్మ, అదే రేకుల గది, 74 డిగ్రీలు, ఇరవై రెండు నిమిషాలు.

మీరు రిపేరుకు ఇచ్చే ముందు ఇంట్లోనే మీ మామూలు పని పదిహేను నిమిషాలు నడిపి, ఉష్ణోగ్రత కనిపించేలా తెర ఫోటో తీసుకోండి. గది వేడి ఎంతో కూడా రాసుకోండి, ఎందుకంటే గది పది డిగ్రీలు చల్లగా ఉంటే చిప్పు కూడా దాదాపు అంతే చల్లగా కనిపిస్తుంది. తిరిగి తీసుకునేటప్పుడు ఆ పనినే షాపులో పదిహేను నిమిషాలు నడిపి చూశాకే డబ్బు ఇవ్వండి. ఎదుట విప్పడానికి ఒప్పుకోని చోట ఇవ్వనే వద్దు. నిజాయతీగా పనిచేసే చిన్న షాపులు మన ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఉన్నాయి, అక్కడ బల్ల మీదే విప్పుతారు, ఊడిన దుమ్ము మీకే చూపిస్తారు. వారంటీ మిగిలి ఉంటే కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం అది దుమ్ము సంగతి కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టడం వెంటనే ఆపేయండి.

పేస్టు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) వేయించుకోమని మా ఊళ్లో ఒక కుర్రవాడు సలహా ఇచ్చాడు. వద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. అది కరెంటును కూడా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఒక చుక్క పక్కకు జారితే బోర్డు పోతుంది.

దుమ్ము తీయించే వరకు కాలం గడవాలంటే ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టడం మానేయండి. వెనక వైపు రెండు సీసా మూతలు పెట్టి ఎత్తినా గాలి బాగా ఆడుతుంది. పవర్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే టర్బో వేగం (ప్రాసెసర్ అవసరానికి అందుకునే అదనపు వేగం) ఆగుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండింటికీ ఒకే రాగి గొట్టాలు కాబట్టి గ్రాఫిక్స్ చిప్పు కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

డబ్బు సంగతి. ఫోటోలు పట్టుకుని షాపుకు వెళితే, "మా దగ్గర చేసిందే అని రుజువేమిటి" అన్నారు. బిల్లు లేకపోవడం ఇక్కడ అడ్డం వచ్చింది. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. నా దగ్గర ఫోను ద్వారా కట్టిన రెండు చెల్లింపుల వివరాలు, విజిటింగ్ కార్డు వెనక వారి చేతిరాత ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయవచ్చు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

ఆ దుమ్ము పొరను, విరిగిన ఫ్యానును ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టాను. మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు చెత్తనుకుని పారేయబోయింది.