ఏడాదికి 12,000 కట్టి పాత లెక్క కొనుక్కున్నాం

శ్రీకాకుళంలో లేబర్ పనులు చూసే ఒక కన్సల్టెంట్ సర్వీసు గురించి ఇది. పేరు రాయను. మనిషి మంచివాడే, ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తుతాడు, లైసెన్సు రెన్యువల్, రిటర్నులు ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. వాటికైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను. కానీ మేం ఏడాదికి 12,000 కట్టింది వాటికొక్కటే కాదు, "చట్టం ఏది మారినా ముందు మీకే చెప్తాం సార్" అన్నాడని. ఆ ముక్కకి మాత్రం ఒకటిన్నర, అదీ మొహమాటానికి.

మాది టెక్కలి దగ్గర చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. మా బావగారిది, లెక్కలు నేను చూస్తాను. పనివాళ్ళు ఎనిమిది మంది. పది మంది లేరు కాబట్టి ఈఎస్ఐ (పనివాళ్ళకి ప్రభుత్వ బీమా) లేదు, అంటే పనిలో ఎవరికి దెబ్బ తగిలినా భారం నేరుగా యజమాని మీదే. 2024లో పలక దించుతుంటే జారి, పదేళ్ళుగా మా దగ్గర చేస్తున్న అతని కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. వయసు నలభై, జీతం 14,000. ఆసుపత్రి ఖర్చంతా మేమే పెట్టుకున్నాం (దయ కాదులెండి, 2010 నుంచి ఉద్యోగుల పరిహార చట్టంలో అదీ యజమానిదే). పరిహారం ఎంతవుతుందో చెప్పమని కన్సల్టెంట్‌ని అడిగితే పది నిమిషాల్లో వాట్సాప్‌లో షీటు వచ్చేసింది, 2,65,205 రూపాయలని. ఎంత స్పీడో అనుకున్నాం. దెబ్బ తగిలిన అతన్ని అడిగితే "మీరెంతంటే అంతే బాబూ" అన్నాడు, అప్పటికి ఎడమచేత్తో సంతకం పెట్టడం నేర్చుకుంటున్నాడు పాపం.

ఒప్పందం కాగితం రిజిస్టర్ చేయించాలి కదా అని లేబర్ ఆఫీసుకి పట్టుకెళ్తే అక్కడ అడిగిన మొదటి మాట, "ఈ 8,000 ఎక్కడిదండీ?" అసలు జీతం ఎంతున్నా లెక్కలోకి తీసుకునే గరిష్ఠం ఒకప్పుడు నెలకి 8,000, నిజమే, కానీ 2020 జనవరి 3 నోటిఫికేషన్‌తో అది 15,000 అయింది. నాలుగేళ్ళు దాటినా మనవాడి షీటులో మారలేదు. సరైన లెక్క ఇలా ఉంటుంది: 14,000లో 60 శాతం 8,400, నలభై ఏళ్ళ వయసుకి చట్టంలో ఇచ్చిన గుణకం 184.17, రెండూ గుణిస్తే 15,47,028. ఒక చేతికి మూడు వేళ్ళు పోతే నష్టం 30 శాతం కింద లెక్క, కాబట్టి 4,64,108. దాదాపు రెండు లక్షల తేడా! అక్కడ ఎవరూ చూడకపోయుంటే ఆ రెండు లక్షలు అతనికి పోయేవి, మాకు తెలిసేది కూడా కాదు.

ఈ తిరుగుడులో నెల దాటిపోయింది. అప్పటి చట్టం ప్రకారం నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా వెయ్యొచ్చు. జరిమానా తప్పింది, వడ్డీ కట్టాం. కన్సల్టెంట్ గారిని అడిగితే "పాత ఫార్మాట్ అండీ, మా కుర్రాడు మార్చలేదు" అన్నాడు. తప్పు ఆ కుర్రాడిది, వడ్డీ మాది.

పోనీ తర్వాతైనా మారాడా అంటే, 2025 నవంబర్ 21న, పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చిన రోజు రాత్రి ఇంగ్లీషు పీడీఎఫ్‌లు వరసగా ఫార్వర్డ్ చేశాడు, కింద ఒక దండం బొమ్మ. దాన్ని అప్‌డేట్ అంటారా? మా ఎనిమిది మందికి ఏం మారిందో చెప్పేవాడు కావాలి నాకు. డిసెంబర్‌లో నేనే అడిగాను, మా యూనిట్ కుర్రాడొకడు నౌపడ నుంచి బండి మీద వస్తాడు, దారిలో ఏదైనా జరిగితే పరిస్థితి ఏంటని. "గేటు బయట కదండీ, మనకి సంబంధం లేదు" అన్నాడు. సంబంధం ఉంది! డ్యూటీకి వస్తూ పోతూ జరిగిన ప్రమాదం కూడా, పనితో లింకు ఉందని తేలితే, పనిలో జరిగినట్టేనని కొత్త సామాజిక భద్రత కోడ్‌లో రాసే ఉంది. అంతకు ముందే, 2025 జులైలో, సుప్రీంకోర్టు పాత పరిహార చట్టం కిందే ఒక షుగర్ ఫ్యాక్టరీ వాచ్‌మన్ కుటుంబం కేసులో అదే మాట చెప్పింది. అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే ఆ దాటినది జీతంలో కలిపి లెక్కేయాలన్న రూలు గురించైతే ఈయన ఒక్క ముక్క చెప్పలేదు, బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే యూనిట్లకి అది పెద్ద విషయం.

ఇలాంటి సర్వీసుకి డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి, "పరిహారానికి జీతం పరిమితి ఎంత, ఎప్పటినుంచి?" అని. "కనుక్కుని చెప్తా" అన్నా పర్లేదు, తడుముకోకుండా 8,000 అన్నాడంటే లేచి వచ్చెయ్యండి. పనిలో చేర్చుకునేటప్పుడే పరిహారం హక్కు గురించి పనివాడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని పాత పరిహార చట్టానికి 2017లో చేసిన సవరణలో వచ్చింది, ఇవ్వకపోతే ఆ చట్టంలో 50,000 నుంచి లక్ష దాకా జరిమానా ఉండేది. తెలుగులో ఆ కాగితం వాళ్ళ దగ్గర రెడీగా ఉందా అని కూడా అడగండి. మావాడి దగ్గర లేదు, నేనే రాసుకున్నాను.

సర్వీసు మానలేదు. రిటర్నులకి మాత్రమే అని బేరమాడి 7,000కి తగ్గించాం, పరిహారం లెక్కలు నేనే వేసి లేబర్ ఆఫీసులో చూపించుకుంటున్నా. పోయిన నెల ఆయనే ఫోన్ చేసి, ఇంకో క్లయింటుకి కావాలి, మీ షీటు ఒకసారి పంపుతారా అన్నాడు. పంపాను.