కోడ్ గీసిన బొమ్మ కాలికి తొడిగితే

కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో గీయించిన బొమ్మలున్న లిమిటెడ్ ఎడిషన్ షూస్ నా దగ్గర రెండు జతలున్నాయి. ఒకటి పాలిస్టర్ అల్లికది, రెండోది లెదర్‌ది. అద్దాల బీరువాలో పెట్టలేదు, చాలాకాలంగా రోజూ మార్చి మార్చి తొడుగుతున్నాను. మళ్లీ కొనాల్సి వస్తే పాలిస్టర్ జతే కొంటాను.

ముందు దాని బొమ్మ గురించి చెప్పాలి. షూ అంతటా సన్నని గీతలు, నీటి ప్రవాహంలా వంపులు తిరుగుతూ సాగుతాయి. దీని వెనకున్నది పెర్లిన్ నాయిస్ అనే గణిత పద్ధతి. కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ పెర్లిన్ 1980లలో రూపొందించిన ఈ పద్ధతికి 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం కూడా వచ్చింది. పక్కపక్కనే ఉన్న బిందువులకు దగ్గరదగ్గర విలువలు ఇస్తుంది కాబట్టి గీత ఎక్కడా ఉలిక్కిపడినట్టు విరగదు. ఇంతవరకు చాలామంది చేస్తారు. ఈ జత చేసినవాళ్లు ఇంకో అడుగు వేశారు: షూ ముక్కలు కత్తిరించే ఆకారాన్నే ప్రోగ్రామ్‌కు ఇచ్చారు. అందుకే ఒక ముక్కలో మొదలైన గీత కుట్టు దాటి పక్క ముక్కలో సరిగ్గా అందుకుంటుంది. రెండు పాదాలూ దగ్గరగా పెడితే ఎడమ షూ గీతలు కుడి షూలోకి వెళ్తాయి. ఇప్పటికీ లేసులు కట్టుకుంటూ అక్కడే చూస్తుంటాను.

లెదర్ జత మీద చతురస్రాలు వరసగా మొదలై మెల్లగా చెదిరిపోతాయి. 1965లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో కంప్యూటర్ బొమ్మలు ప్రదర్శించిన గెయోర్గ్ నేస్ కాలం నాటి ఆలోచన ఇది. తెర మీద చాలా బాగుంది. కానీ బట్ట తాను ముద్రించినట్టు ముద్రించి ముక్కలుగా కోసేశారు, మడమ దగ్గర చతురస్రాలు సగంలో తెగిపోయాయి.

మన్నిక విషయానికొస్తే, పాలిస్టర్‌పై సబ్లిమేషన్ ప్రింట్‌లో రంగు వేడికి ఆవిరై దారంలోకే చేరుతుంది. పైన పొర ఉండదు, పగలడానికేమీ లేదు. ఎన్నిసార్లు తుడిచినా బొమ్మ అలాగే ఉంది. ఎండకు కొంచెం వెలిసింది, అంతే. లెదర్ మీద మాత్రం ఇంకు పైపూతగానే ఉంది. వేళ్ల దగ్గర మడతపడే చోట తెల్లని పగుళ్లు వచ్చాయి, బొమ్మలో అందమైన భాగం సరిగ్గా అక్కడే ఉంది.

షూ నాలుక లోపల ఉన్న నంబరే దాని బొమ్మ సీడ్, అంటే ప్రోగ్రామ్ గీయడం మొదలుపెట్టడానికి ఇచ్చే సంఖ్య. అదే కోడ్‌కు అదే సీడ్ ఇస్తే అదే బొమ్మ మళ్లీ వస్తుంది. అంటే 'ఇలాంటిది ఇంకొకటి లేదు' అన్నది కంపెనీ మాట మీద ఆధారపడిందే. నాకు దానికంటే ఎక్కువ బాధ కలిగించింది వేరే ఉంది. లెదర్ జత పెట్టె మీద కంపెనీ పేరు, డిజైన్ పేరు ఉన్నాయి. ప్రోగ్రామ్ రాసిన మనిషి పేరు ఎక్కడా లేదు. పాలిస్టర్ జతకు ఆ పేరు ఇన్‌సోల్ (పాదం ఆనే లోపలి అట్ట) మీదే వేశారు.

దాచిపెట్టి తర్వాత అమ్ముదామనుకునేవాళ్లు మిడ్‌సోల్ (అడుగుభాగంలోని మధ్య మెత్తని పొర) ఏ పదార్థమో కనుక్కోండి. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ అయితే గాలిలోని తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోయే అవకాశం ఉంది, ఒక్కసారి తొడగకపోయినా సరే.