కాలనీ సంఘమా, బస్తీ మహిళా సంఘమా: పేట బాగుకు ఏది మేలు?

హైదరాబాదులో మేముండే కాలనీకి, దాని వెనకనున్న బస్తీకి నడుమ ఒక ప్రహరీ గోడ, దాన్ని ఆనుకుని ఒక నాలా ఉన్నాయి. ఒక ఏడు వానాకాలంలో గోడకు రెండు వైపులా డెంగీ జ్వరాలు వచ్చాయి. కాలనీ సంక్షేమ సంఘం చందా సొమ్ముతో రెండుసార్లు పొగమందు కొట్టించింది, నాలా తీయించమని వినతిపత్రం ఇచ్చింది, అయినా జ్వరాలు ఆగలేదు. ఆగకపోవడంలో వింతేమీ లేదు. డెంగీని మోసే ఈడిస్ దోమ పట్టపగలు కుడుతుంది, మురుగులో కంటే ఇళ్లలో నిలవ ఉన్న శుభ్రమైన నీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే బస్తీలో మూతలేని డ్రమ్ములు, మా వైపు పూలకుండీల కింది పళ్లేలు, లిఫ్టు గుంత, పక్కకు నెట్టేసిన కూలర్లు దానికి నిలయాలు. పొగకు ఆ పూట ఎగిరే దోమలు చస్తాయి గాని నీటిలోని పిల్లపురుగులు చావవు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి పాత్రలన్నీ బోర్లించి తోమితే ఆ వరస తెగుతుంది. ఇంటింటికీ వెళ్లి వారం వారం ఆ పని చేయించగల సంఘం ఏది అన్నదే ఈ పోలికకు మూలం.

కాలనీ సంఘం బలాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషను, బ్యాంకు ఖాతా, లెటర్‌హెడ్డు, ఫైలు ఏ బల్ల మీద ఆగిందో పసిగట్టగల రిటైర్డు ఉద్యోగులు దానికి ఉన్నారు. పార్కు నిర్వహణ, స్పీడు బ్రేకరు, విరిగిన మ్యాన్‌హోల్ మూత, పోలీసులు ‘నేను సైతం’ పేరుతో ప్రోత్సహించిన సీసీ కెమెరాలు వంటి డబ్బుతో, దస్త్రంతో తేలే పనులను అది చకచకా చేయించుకుంటుంది. అయితే చాలా సంఘాల నియమావళిలో సభ్యుడంటే ఇంటి యజమానే. అద్దెకున్నవారికి, వాచ్‌మన్ కుటుంబానికి, పాచిపనికి వచ్చే మనిషికి అక్కడ నోరు లేదు. ఢిల్లీలో 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం ‘భాగీదారీ’ పేరుతో ఇలాంటి సంఘాలను పాలనలో భాగస్వాములను చేసినప్పుడు, మురికివాడలు, అనుమతిలేని కాలనీలు చాలాకాలం బయటే ఉండిపోయాయన్న విమర్శ దాన్ని వెంటాడింది. భద్రత పేరుతో సందుకు గేటు బిగించి తాళం వేస్తే లోపలివారికి నిశ్చింతే, కాని ఆ సందులోంచి బడికి నడిచే బస్తీ పిల్లలు లారీలు తిరిగే రోడ్డెక్కవలసి వస్తుంది. గేటు పెట్టినవారి లెక్కలో ఆ ప్రమాదం ఎక్కడా కనిపించదు.

బస్తీ మహిళా సంఘం పుట్టుక వేరు. పది మంది పొదుపు కోసం కూడిన గుంపులు, వాటి మీద బస్తీ సమాఖ్య, దాని మీద పట్టణ సమాఖ్య ఉంటాయి. ఈ నగరానికి ఇదేమీ కొత్త విద్య కాదు. 1967లో హైదరాబాదులో మొదలైన పట్టణ సామాజిక అభివృద్ధి (యూసీడీ) ప్రాజెక్టు బస్తీవాసులతో కలిసి బాలవాడీలు, కుట్టు శిక్షణ వంటి పనులు నడిపింది. తర్వాత యూనిసెఫ్, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వం దానికి తోడ్పడ్డాయి. కార్పొరేషనులో యూసీడీ విభాగం ఆ వారసత్వమే. ఏ ఇంట్లో నిండుచూలాలు ఉన్నదో, ఏ పసివాడికి టీకా తప్పిందో, ఏ స్తంభం కింద చీకటి పడ్డాక తాగుబోతులు చేరతారో ఈ ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. మా వెనక బస్తీలో ఒకామె డ్రమ్ము మూతకు పాత చీర ముక్క చుట్టి, రబ్బరు ట్యూబుతో బిగించి చూపించాక, ఆ వరసలోని ఇళ్లన్నిటిలో అదే పద్ధతి కనిపించింది. ఎన్ని కరపత్రాలు పంచినా ఆ ఫలితం వచ్చేది కాదు.

ఈ వైపు లోపాలూ చిన్నవి కావు. సమావేశంలో సగం సేపు అప్పుల కిస్తీలతోనే గడిచిపోతుంది. ఏ సర్వే వచ్చినా, ఏ సభకు జనం కావాలన్నా అధికారులకు ముందుగా గుర్తొచ్చేది ఈ ఆడవాళ్లే, వారి కాలానికి వెల కట్టేవారు లేరు. మగవాళ్లు దూరంగా ఉంటారు. పైగా నాలా వెడల్పు చేయించడం, పెద్ద మురుగు గొట్టం వేయించడం వారి చేతిలోని పని కాదు.

ఎంతవరకు ఎవరి పని అన్న ఈ చిక్కును నాకు తెలిసినంతలో అందరికంటే స్పష్టంగా విడదీసింది పాకిస్తాన్‌లో, కరాచీలోని ఓరంగీ అనే పేదల బస్తీ. 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడ ఇరవై, ముప్పై ఇళ్లున్న ఒక్కొక్క గల్లీని ఒక్కొక్క ఘటకంగా తీసుకున్నారు. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీలో మురుగు గొట్టం ప్రజలు తమ డబ్బుతో, తమ పర్యవేక్షణలో వేసుకోవాలి, పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వం చూసుకోవాలి అన్నది ఆయన చేసిన పంపకం. ఘటకం అంత చిన్నది కావడంతో ఎవరి వాటా ఎంతో, ఎవరు ఎగ్గొట్టారో గల్లీ అంతటికీ తెలిసేది. వందల ప్లాట్ల కాలనీలో ఆ కనుచూపు అందదు.

వార్డు కమిటీ ఉండగా ఈ రెండూ ఎందుకని అడగవచ్చు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలన్నది. బడ్జెటు మీద మాట చెల్లే వేదిక అదే కనుక దాన్ని అడగడం మానకూడదు, అయితే ఆ కమిటీ కదిలేవరకూ దోమ ఆగదు.

భద్రత విషయంలో నా మొగ్గు ఇంకా స్పష్టం. కెమెరా జరిగిన నేరానికి సాక్ష్యం ఇస్తుంది, జరగకుండా ఆపడంలో మాత్రం వెలిగే దీపానికి, తెరిచి ఉన్న కిరాణా కొట్టుకు, అరుగు మీది మనుషులకు ఎక్కువ పాత్ర ఉంటుందని నా నమ్మకం. రాత్రి పనినుంచి తిరిగొచ్చే ఆడవాళ్లతో కలిసి బస్‌స్టాపునుంచి ఇంటిదాకా ఒకసారి నడిస్తే చాలు, ఏ దీపం వెలగడం లేదో, ఏ ఖాళీ ప్లాటు పక్కన అడుగులు వడివడిగా పడతాయో తెలిసిపోతుంది. మేము అలా నడిచినప్పుడు, కాలనీ సంఘం కెమెరా పెట్టించిన మలుపులోనే దీపం లేదని తేలింది.

కాబట్టి ఒక్కదాన్నే ఎంచుకోమంటే మహిళా సంఘాన్నే ఎంచుకుంటాను. వారం వారం విసుగు లేకుండా చేయవలసిన పని దానివల్ల అవుతుంది, దస్త్రం నడిపే నేర్పును పక్కవారినుంచి అరువు తెచ్చుకోవచ్చు. కాలనీ సంఘానికి కొరవడిన ఇంటింటి చనువును మాత్రం అలా అరువు తెచ్చుకోలేము. రెండూ కలిసి పనిచేసే వీలుంటే నీటి నిలవలు, వీధి దీపాలు, నాలా అనే మూడు అంశాలకే ఉమ్మడి సమావేశం పెట్టుకోవడం మంచిది, అంతకు మించితే పార్కింగు తగాదాలు జొరబడతాయి. మా మొదటి సమావేశాన్ని ఆదివారం ఉదయం పదకొండు గంటలకు కాలనీ కమ్యూనిటీ హాలులో పెట్టాము, బస్తీనుంచి ఒక్కరూ రాలేదు. ఆ వేళకు వారిలో చాలామంది మా ఇళ్లలోనే గిన్నెలు తోముతున్నారు. రెండోసారి రాత్రి ఎనిమిదింటికి అంగన్‌వాడీ గదికి మార్చాము.