బూట్ లన్ ఎవరికి కనబడాలి? స్విచ్‌లో తేల్చాలా, అర్రేలోనా, హోస్టులోనా?

డిస్కులు లేని సర్వర్లలో ఈఎస్‌ఎక్స్‌ఐని (వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ సిస్టమ్) సాన్ (సర్వర్లకు డిస్కులను అందించే స్టోరేజీ నెట్‌వర్క్) నుంచి బూట్ చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. లన్ అంటే స్టోరేజీ అర్రే (డిస్కుల పెట్టె) సర్వర్‌కు ఒక డిస్కులా చూపించే భాగం. సర్వర్, అంటే హోస్టు, లేచేది బూట్ లన్ నుంచి. ఏ హోస్టు బూట్ లన్ ఆ హోస్టుకే కనబడాలి, వర్చువల్ మెషీన్ల ఫైళ్లుండే డేటాస్టోర్ లన్‌లేమో క్లస్టర్‌లో (కలిసి పనిచేసే హోస్టుల గుంపు) అందరికీ కనబడాలి. ఈ కట్టడిని ఫైబర్ చానల్ (సాన్‌లో వాడే ఒక నెట్‌వర్క్ రకం) స్విచ్‌లో జోనింగ్‌తో (ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడవచ్చో నిర్ణయించడం) చేయాలా, స్టోరేజీ అర్రేలో మాస్కింగ్‌తో (ఏ లన్ ఏ హోస్టుకు కనబడాలో నిర్ణయించడం) చేయాలా, హోస్టులోనే చేసుకుంటే సరిపోతుందా? నా మొగ్గు అర్రే వైపే. అయితే అందుకు నేను చూసే కారణం సాధారణంగా చెప్పే భద్రతా కారణం కాదు.

డేటాస్టోర్‌ను పదహారు హోస్టులు చూస్తున్నా భయం లేదు. డేటాస్టోర్‌లో ఉండే ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్‌ఎస్‌కు తాళాల ఏర్పాటు లోపలే ఉంది, ఎవరి వంతు ఎప్పుడో అదే చూసుకుంటుంది. బూట్ లన్‌కు అటువంటి ఏర్పాటేమీ లేదు. రెండు హోస్టులు ఒకే బూట్ లన్ నుంచి లేస్తే ఒకదాని రాతల మీద మరొకటి రాసుకుంటాయి. అంతకన్నా ప్రమాదం ఇన్‌స్టాల్ చేసే గంటలో ఉంటుంది. ఇన్‌స్టాలర్ తనకు కనబడిన లన్‌లన్నిటినీ వరుసగా చూపిస్తుంది. వీఎంఎఫ్‌ఎస్ ఉన్నవాటి పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెడుతుంది, అంతే. మనిషి చూస్తే కనీసం ఆ గుర్తయినా కనబడుతుంది. మనిషి లేకుండా ఇన్‌స్టాల్ చేసే కిక్‌స్టార్ట్ స్క్రిప్టుకు ఆ చూపు లేదు. ‘ఫస్ట్‌డిస్క్’ అని రాస్తే అది ముందు లోకల్ డిస్కులు, తరవాత రిమోట్ డిస్కులు, చివర యూఎస్‌బీ చూస్తుంది. మన సర్వర్లలో లోకల్ డిస్కే లేదు కాబట్టి మొదట దొరికిన రిమోట్ లన్‌ను పట్టుకుంటుంది. పక్కనే ‘ఓవర్‌రైట్‌వీఎంఎఫ్‌ఎస్’ కూడా ఉంటే ఆ లన్ ఎవరి డేటాస్టోర్ అయినా సరే, తుడిచిపెట్టేస్తుంది. ఆ సమయానికి హోస్టుకు ఒకే ఒక్క లన్ కనబడుతూ ఉంటే ఎంత నిర్లక్ష్యంగా రాసిన స్క్రిప్టయినా పొరబడే చోటే లేదు. మూడు పద్ధతులనూ నేను తూచేది ఈ ఒక్క తక్కెడలోనే.

హోస్టు వైపు కట్టడి ఇక్కడే ఓడిపోతుంది. ఈఎస్‌ఎక్స్‌ఐలో మాస్క్‌పాత్ క్లెయిమ్ రూల్ (లన్‌కు వెళ్లే దారిని ఎవరు చూసుకోవాలో చెప్పే నియమం) రాసి కొన్ని దారులను మూసేయవచ్చు. కానీ ఆ రూల్ ఉండేది ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌లోనే. ఇన్‌స్టాలర్‌కు దాని సంగతే తెలియదు. అందరూ లోపలికి వచ్చేశాక డ్యూటీకి వచ్చే వాచ్‌మన్ లాంటిదది. కేవీఎం (లైనక్స్‌లోని వర్చువలైజేషన్) హోస్టుల్లో ఎల్‌వీఎం ఫిల్టర్ (లైనక్స్ డిస్కు నిర్వహణ ఏ డిస్కులను చూడాలో చెప్పే సెట్టింగు) పరిస్థితీ ఇంతే. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (అసలు సిస్టమ్ కన్నా ముందు లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) మళ్లీ తయారు చేయకపోతే బూట్ మొదట్లో పాత ఫిల్టరే నడుస్తుంది. ఒక లన్‌ను తొలగించే ముందు దారులు మూయడానికి పాత ఈఎస్‌ఎక్స్ 4 రోజుల్లో మాస్క్‌పాత్ వాడేవారు. 5.0 నుంచి లన్‌ను హోస్టు నుంచి విడదీసే ‘డిటాచ్’ వచ్చాక ఆ అవసరమూ తగ్గింది.

జోనింగ్‌ను తీసిపారేయలేం. ఒక్కో హెచ్‌బీఏ (సర్వర్‌ను సాన్‌కు కలిపే కార్డు) పోర్టుకు ఒక్కో జోన్ పెట్టడం మంచి అలవాటు, ఒక హోస్టు గొడవ మరో హోస్టుకు సోకదు. పైగా జోనింగ్‌లో తప్పు చేస్తే చాలాసార్లు హోస్టు అసలు బూటే కాదు, తప్పు వెంటనే బయటపడుతుంది. మాస్కింగ్‌లో ఎక్కువగా ఇచ్చేస్తే అన్నీ పనిచేస్తూనే ఉంటాయి, ఎవరికీ తెలియదు. ఈ ఒక్క విషయంలో జోనింగే నయం. కానీ జోన్‌కు తెలిసింది పోర్టులే, లన్‌లు కాదు. అర్రే పోర్టు వెనక నలభై లన్‌లుంటే వాటిలో ఏది ఎవరిదో స్విచ్ చెప్పలేదు. బూట్ కోసం వేరే అర్రే పోర్టులు కేటాయించి పని జరుపుకొనేవాళ్లూ ఉన్నారు, కానీ పోర్టులు అంత చవక కాదు.

కాబట్టి జోనింగ్ ఉండాలి, తీర్పు మాత్రం అర్రేది. అక్కడ చేయాల్సిన పని చిన్నదే. ప్రతి సర్వర్‌కూ దాని డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లతో (హెచ్‌బీఏ పోర్టుల గుర్తింపు సంఖ్యలు) ఒక హోస్టు ఎంట్రీ, క్లస్టర్‌కు ఒక హోస్ట్ గ్రూప్. బూట్ లన్‌ను హోస్టుకు, డేటాస్టోర్లను గ్రూపుకు మ్యాప్ చేయాలి. నెట్‌యాప్ అర్రేల్లో అయితే రెండూ ఐగ్రూపులే (హోస్టుల గుర్తింపుల జాబితాలు). సర్వర్‌కు ఒకటి, క్లస్టర్‌కు ఒకటి. బూట్ లన్‌ను అలవాటుగా 0 నంబరుతో ఇస్తాం కనుక గ్రూపులోని డేటాస్టోర్లను 10 నుంచి మొదలుపెడితే నంబర్లు ఢీకొనవు. అన్ని హోస్టులకూ ఒక డేటాస్టోర్ ఒకే నంబరుతో కనబడుతుంది. వరుస తప్పకూడదు: ముందు బూట్ లన్ ఒక్కటే మ్యాప్ చేయాలి, ఇన్‌స్టాల్ పూర్తయి హోస్టు ఒకసారి లేచాకే గ్రూపులో చేర్చాలి. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే ముందు గ్రూపు నుంచి తీసేయాలి. చాలామంది వదిలేసేది ఈ చివరి మెట్టునే. ఈఎస్‌ఎక్స్‌ఐ 7 నుంచి బూట్ లన్‌ను కనీసం 32 జీబీ చేయాలి.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. హెచ్‌బీఏ కార్డు మారిస్తే డబ్ల్యూడబ్ల్యూపీఎన్ మారుతుంది, జోన్‌నూ మాస్కింగ్‌నూ రెండింటినీ సవరించేదాకా సర్వర్ లేవదు. సిస్కో యూసీఎస్ సర్వర్లలో లాగా డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌ను సర్వీస్ ప్రొఫైల్ (సర్వర్ సెట్టింగుల మూస) ఇస్తుంటే బ్లేడు (సర్వర్ పలక) మారినా గుర్తింపు మారదు. సాన్ బూట్‌కు ఆ సదుపాయం చాలా విలువైనది.

మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద నడిచే ఐస్కజీ సాన్‌లో జోనింగ్ లేదు, ఆ పని కొంతవరకు వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ను వేరు భాగాలుగా విడగొట్టే ఏర్పాటు) చేస్తుంది. అర్రే గుర్తుపట్టేది హోస్టుకు పెట్టిన ఐక్యూఎన్‌ను, అది ఎవరైనా రాసుకోగల పేరు. అందుకే ఇక్కడ చాప్ (ఐస్కజీ లాగిన్ తనిఖీ) పాస్‌వర్డును ఐచ్ఛికంగా చూడకూడదు. మరో చిక్కు బూట్‌కే ప్రత్యేకం. కార్డు ఫర్మ్‌వేర్ ఒక ఐక్యూఎన్‌తో లాగిన్ అయి, తరవాత ఆపరేటింగ్ సిస్టమ్ వేరే ఐక్యూఎన్‌తో అడిగితే కెర్నల్ లోడవుతుంది, రూట్ డిస్కు మాత్రం దొరకదు. ఐబీఎఫ్‌టీ (ఫర్మ్‌వేర్ తన ఐస్కజీ వివరాలను సిస్టమ్‌కు అందించే పట్టిక) ద్వారా ఫర్మ్‌వేర్ పేరునే తీసుకునే ఈఎస్‌ఎక్స్‌ఐకి ఈ బాధ తక్కువ. నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించే ఐపీఎక్స్‌ఈ వాడితే అది సొంతంగా పెట్టుకునే పేరును మీ పేరుతో మార్చండి. లైనక్స్‌లో ఒక బూట్ లన్‌ను క్లోన్ చేసి పది హోస్టులకు పంచితే ఐక్యూఎన్ ఉండే ఇనిషియేటర్‌నేమ్ ఫైలు కూడా పదింటికీ వెళుతుంది. అప్పుడు అర్రేకు పది హోస్టులూ ఒక్కటే. సెషన్లు ఒకదాన్నొకటి తెంపుకుంటాయి, ఎంత జాగ్రత్తగా చేసిన మాస్కింగూ ఎందుకూ కొరగాదు.

మిగతావి క్లుప్తంగా. పీఎక్స్‌ఈతో (నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడం) ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్ (సిస్టమ్ ఫైళ్లు నెట్‌వర్క్ షేర్‌లో ఉండటం) ల్యాబ్‌కు చాలు, ఐపీ చిరునామాలతో ఎక్స్‌పోర్టు రాస్తే పని అయిపోతుంది. హోస్టు ఈఎస్‌ఎక్స్‌ఐని నెట్‌వర్క్ నుంచే తెచ్చుకునే ఆటో డిప్లాయ్‌లో బూట్ లన్ అవసరమే ఉండదు. కానీ హోస్టు లేవాలంటే డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలిచ్చేది), టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లిచ్చేది), వీసెంటర్ (హోస్టులన్నిటినీ నిర్వహించే సర్వర్) ముందే లేచి ఉండాలి. ఆ వీసెంటర్ అదే క్లస్టర్‌లో నడుస్తుంటే కరెంటు పోయి వచ్చిన రోజు తంటా తప్పదు. కొత్త సర్వర్లు కొనేవాళ్లయితే రెండు ఎం.2 (సర్వర్ లోపల పట్టే చిన్న ఎస్‌ఎస్‌డీ) డిస్కులను మిర్రర్ చేసుకుని బూట్ లన్‌ల గొడవే లేకుండా ఉండవచ్చు. అప్పుడూ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ‘ఫస్ట్‌డిస్క్’ పక్కన ‘లోకల్’ అని రాయడం మరవకండి.