పాడీనా, ఎస్‌ఎస్‌ఐనా?

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లి స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు చేద్దామనుకునే వాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. రెండూ డైవింగ్ నేర్పించి సర్టిఫికెట్ కార్డు ఇచ్చే సంస్థలే: పాడీ 1966లో మొదలైంది, ఎస్‌ఎస్‌ఐ 1970లో. రెండు కార్డులతోనూ 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చు. ఒకరి కార్డు చూపిస్తే మరొకరి సెంటర్‌లో కాదనరు. పేరు ఎక్కువ మందికి తెలిసింది పాడీదే. దానికి ఆన్‌లైన్ పాఠాల ఖర్చు కాస్త ఎక్కువే పడొచ్చు కాబట్టి ఫీజులో అవి కలిశాయో లేదో అడగండి.

అసలు తేడా నేర్పే పద్ధతిలో ఉంది. పాడీ ఇన్‌స్ట్రక్టర్ సొంతంగా కూడా నేర్పవచ్చు. ఎస్‌ఎస్‌ఐలో అయితే ఏదో ఒక డైవ్ సెంటర్ తరఫునే నేర్పాలి. తేడా వస్తే అడగడానికి ఒక ఆఫీసు ఉంటుందన్న ధీమా కావాలంటే ఎస్‌ఎస్‌ఐ నయం.

నన్నడిగితే లోగో కంటే మనిషి ముఖ్యం. నీళ్లలో మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోవడం చాలామందికి పెద్ద టెన్షన్. అక్కడ తొందరపెట్టే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఏ కార్డైనా ఒకటే. డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు: బ్యాచ్‌లో ఎంతమంది? తెలుగులోనో హిందీలోనో చెప్పేవాళ్లున్నారా? నలుగురికి మించితే నేనైతే ఇంకో సెంటర్ చూసుకుంటాను.